కొవ్వు కణం తయారీలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ పాత్రను ల్యాబ్‌లో తేల్చడం ఎలా?

మిర్-143 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏని అడ్డుకుంటే మనిషి ప్రీఅడిపోసైట్లు (కొవ్వు కణాలకి ముందు దశ కణాలు) కొవ్వు కణాలుగా సరిగా మారవని 2004లో తేలింది. కొవ్వు ఎక్కువున్న మేత తిన్న చిట్టెలుకల కడుపు కొవ్వులో ఇది పెరిగిందని 2008లో ఒక పేపర్ వచ్చింది. కణం తయారయ్యేటప్పుడు పెరిగే మిర్-143, ఊబకాయం వచ్చిన ఎలుకల కొవ్వు కణాల్లో తగ్గిపోతుందని 2009లో ఇంకొక పేపర్ చెప్పింది. ఈ మూడూ వరసగా చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకరు కణం పుట్టుకను చూశారు, ఒకరు మొత్తం కణజాలాన్ని నూరి కొలిచారు, ఒకరు కొవ్వు కణాలను వేరుచేసి చూశారు. అందుకే ఈ రంగంలో దిగేముందు అంకె ఎంత అని కాక, ఏ రోజుది, ఏ కణానిది అని అడగడం అలవాటు చేసుకోండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీ మొదటి ఏడాదికో ఈ పని ఎత్తుకున్నవాళ్లకి పనికొచ్చేలా, మొదటి ప్లేట్ వేయడం దగ్గర్నుంచి రాస్తున్నాను.

నేపథ్యం నాలుగు ముక్కల్లో. మైక్రో ఆర్‌ఎన్‌ఏ దాదాపు 22 న్యూక్లియోటైడ్ల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ. అది ప్రోటీన్‌గా మారదు, ప్రోటీన్ తయారుచేసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని అణుస్తుంది. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో సి. ఎలెగన్స్ అనే పురుగులో మొదటిదాన్ని వివరించారు, 2024లో వాళ్లకి నోబెల్ వచ్చింది. కేంద్రకంలో డ్రోషా, బయట డైసర్ అనే ఎంజైములు పొడవాటి ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి దీన్ని తయారుచేస్తాయి. తర్వాత ఆర్గొనాట్ ప్రోటీన్ దీన్ని పట్టుకుని పనిలో పెడుతుంది. 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలను సీడ్ అంటారు, ఎవరిని అణచాలో ఎక్కువగా అవే నిర్ణయిస్తాయి. మిర్-27బి సీడ్ యు-సి-ఎ-సి-ఎ-జి-యు. కొవ్వు కణానికి మూలస్తంభం లాంటి పీపార్ గామా జన్యువు మెసెంజర్ చివర్లో దానికి సరిగ్గా జత కుదిరే ఎ-సి-యు-జి-యు-జి-ఎ ఉంది. మిర్-27బి ఎక్కువుంటే కొవ్వు కణం తయారుకాకపోవడానికి ముఖ్య కారణంగా చెప్పేది ఈ ఏడు అక్షరాలనే.

మొదటి అడుగు: ప్రశ్నను చిన్నది చేయండి

"ఊబకాయంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర" అనేది సెమినార్‌కి బాగుంటుంది కానీ ప్రయోగానికి పనికిరాదు. ఒకే మైక్రో ఆర్‌ఎన్‌ఏని తీసుకోండి. ప్రక్రియను ముందుకు నడిపేదాన్ని ఒకదాన్ని, ఆపేదాన్ని ఒకదాన్ని పక్కపక్కన పెట్టి చేస్తే ఇంకా మంచిది, ఒకదానికి ఇంకొకటి కంట్రోల్‌లా పనికొస్తుంది. మిర్-143, మిర్-27బి జంట మొదటిసారి చేసేవాళ్లకి బాగా కుదురుతుంది. మొదటిది కణం తయారయ్యేకొద్దీ పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. మీ చేతుల్లో ఈ రెండూ ఇలా కదలకపోతే కొత్త మైక్రో ఆర్‌ఎన్‌ఏ జోలికి అప్పుడే వెళ్లొద్దు.

పేరు పూర్తిగా రాసుకోండి. ఏ జాతిది, ఒకే మూల ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చే రెండు కొమ్మల్లో 5పీ కొమ్మా 3పీ కొమ్మా అన్నది తేల్చకుండా ప్రైమర్ ఆర్డర్ పెడితే డబ్బు దండగ. మిర్-27ఎ, మిర్-27బి మధ్య తేడా ఒక్క అక్షరం. మిర్-103, మిర్-107 మధ్య కూడా అంతే. సీక్వెన్స్ మిర్‌బేస్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో చూసి, ప్రైమర్ షీట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

రెండో అడుగు: కణాలు

చాలామంది మొదలుపెట్టేది 3టీ3-ఎల్1తోనే. 1970ల్లో హోవర్డ్ గ్రీన్ ల్యాబ్‌లో చిట్టెలుక పిండం కణాల నుంచి వేరుచేసిన లైన్ ఇది. మన దగ్గర పుణెలోని ఎన్‌సీసీఎస్ కణ భాండాగారం నుంచి తెప్పించుకోవచ్చు. రాగానే ముందు చేయాల్సింది తక్కువ పాసేజ్‌లో (కణాలను విడదీసి కొత్త ఫ్లాస్క్‌లో వేసిన ప్రతిసారీ ఒక పాసేజ్) వీలైనన్ని వయల్స్ ఫ్రీజ్ చేసి పెట్టుకోవడం. పాసేజ్ పెరిగేకొద్దీ ఈ కణాలు కొవ్వు కణాలుగా మారే గుణం పోగొట్టుకుంటాయి. పది దాటిన వయల్‌తో ముఖ్యమైన ప్రయోగం పెట్టకండి.

పెంచేటప్పుడు రెండు జాగ్రత్తలు. సీరం విషయంలో పిసినారితనంగా ఎఫ్‌బీఎస్ (పుట్టని దూడ సీరం) బదులు కాఫ్ సీరం (పుట్టిన దూడ సీరం) వాడతారని కొత్తవాళ్లు అనుకుంటారు, అది నిజం కాదు. పెంచే దశలో 10 శాతం కాఫ్ సీరం వాడటమే పద్ధతి. ఎఫ్‌బీఎస్‌ని డిఫరెన్షియేషన్ (కొవ్వు కణాలుగా మార్చే దశ) కోసం దాచుకోవాలి. రెండోది, స్టాక్ ఫ్లాస్క్‌ని ఎప్పుడూ నిండనివ్వకండి, 70 శాతం దగ్గరే విడదీయండి. ఒక్కసారి నిండిన ఫ్లాస్క్ నుంచి తీసిన కణాలు తర్వాత సగం సగమే మారతాయి. ఆ లోపం అప్పుడు కంటికి కనిపించదు, పది రోజుల తర్వాత ప్లేట్‌లో బయటపడుతుంది.

క్యాలెండర్ ఇలా వేసుకోండి. ప్లేట్ పూర్తిగా నిండిన రోజు మైనస్ 2. అక్కడి నుంచి రెండు రోజులు కదపకుండా ఆగాలి, కణాలు విభజన ఆపేసి కుదురుకోవాలి. సున్నా రోజున 10 శాతం ఎఫ్‌బీఎస్ ఉన్న మీడియాలో 0.5 మిల్లీమోలార్ ఐబీఎమ్‌ఎక్స్, 1 మైక్రోమోలార్ డెక్సామెథసోన్, మి.లీ.కి 10 మైక్రోగ్రాముల ఇన్సులిన్ కలిపి పోయాలి. ల్యాబుల్లో దీన్ని ఎమ్‌డీఐ అంటారు. రెండో రోజున తీసేసి ఇన్సులిన్ ఒక్కటే ఉన్న మీడియా పోయాలి. నాలుగో రోజు నుంచి మామూలు ఎఫ్‌బీఎస్ మీడియా, రెండు రోజులకోసారి మార్పు. ఎనిమిదో రోజుకి పని అయిపోవాలి.

ఐబీఎమ్‌ఎక్స్ మొండిది. చల్లటి మీడియాలో పోస్తే సన్నటి సూదుల్లా విడిపోయి అడుగున పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, మైక్రోస్కోప్ కింద పెడితేనే కనిపిస్తాయి. మీడియాని 37 డిగ్రీలకి వెచ్చబెట్టి, స్టాక్‌ని చుక్క చుక్కగా తిప్పుతూ కలపండి. ఇన్సులిన్ పొడి నీళ్లలో కరగదు, కొంచెం ఆమ్లం కావాలి. కరిగాక మీడియాలో పోస్తే ఇబ్బంది లేదు.

ప్లేట్ సరిగా మారకపోతే రోజిగ్లిటజోన్ కలపమని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. నిజంగానే పనిచేస్తుంది. కానీ అది పీపార్ గామాని నేరుగా తట్టిలేపే మందు. మీరు మిర్-27బి పీపార్ గామాని అణుస్తుందా అని చూస్తున్నప్పుడు అదే ప్రోటీన్‌ని బయటి నుంచి లేపితే ఇక చూడటానికేం మిగులుతుంది? ఈ ప్రశ్నకి రోజిగ్లిటజోన్ వద్దు. కొత్త వయల్ తీయండి.

ఎన్ని రోజులు నమూనా తీయాలి? చివరి రోజు ఒక్కటే తీసేవాళ్లే ఎక్కువ. సున్నా, 1, 2, 4, 8 రోజులు తీయండి. మొదటి రెండు రోజుల్లో కణాలు మళ్లీ ఒకటి రెండు సార్లు విభజన చెందుతాయి, జన్యువులను నడిపే ప్రోటీన్లు సీ/ఈబీపీ బీటా, డెల్టా లేస్తాయి. తర్వాత పీపార్ గామా, సీ/ఈబీపీ ఆల్ఫా. చివర్లో తయారైన కొవ్వు కణం గుర్తులైన ఎఫ్‌ఏబీపీ4, అడిపోనెక్టిన్. మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒకటో రోజున ఎగిరి ఎనిమిదో రోజుకి కింద పడితే, చివరి రోజు నమూనాలో అది ఏమీ చేయనట్టే కనిపిస్తుంది.

మూడో అడుగు: కొవ్వు నిజంగా నిండిందా?

ఎనిమిదో రోజున మైక్రోస్కోప్ కింద పొడుగ్గా ఉండే కణాలు గుండ్రబడి, లోపల ఉడికిన సగ్గుబియ్యంలా మెరిసే చుక్కలు గుత్తులుగా కనిపించాలి. ప్లేట్‌లో 80 శాతం పైన ఇలా మారితే బాగా వచ్చినట్టు. ఆయిల్ రెడ్ ఓ రంగు వేయడం తేలికే. 10 శాతం ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసి, 60 శాతం ఐసోప్రొపనాల్‌తో కడిగి, ఆరు వంతుల స్టాక్‌కి నాలుగు వంతుల నీళ్లు కలిపి వడకట్టిన రంగు పోయాలి. కలిపిన రంగు ఎక్కువసేపు నిలవదు, అప్పటికప్పుడు కలుపుకోండి. నీళ్లతో కడిగి ఫోటో తీశాక, పూర్తి ఐసోప్రొపనాల్‌తో రంగు దించి 510 నానోమీటర్ల దగ్గర చదవండి.

మీడియా మార్చేటప్పుడు పైపెట్‌ని బావి (ప్లేట్‌లోని వెల్) గోడకి ఆనించి నెమ్మదిగా వదలండి. కొవ్వు నిండిన కణాలు ఊరికే లేచిపోతాయి, అంచు నుంచి పొర చుట్టుకుపోయి మొత్తం ఊడివస్తుంది. కంట్రోల్ బావిలో ఊడి, మిగతా బావిలో ఊడకపోతే లెక్కంతా తారుమారు. అందుకే ప్రతి బావిలో కేంద్రకాలను డాపి అనే రంగుతో లెక్కించి, లేదా డీఎన్‌ఏ కొలిచి, రంగును దానితో భాగించాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కణాలను చంపేస్తే కూడా ఎరుపు తగ్గుతుందన్నది గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: ఆర్‌ఎన్‌ఏ తీయడం, కొలవడం

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

ఆరు బావుల ప్లేట్‌లో ఒక్కో బావికి 1 మి.లీ. ట్రైజాల్ సరిపోతుంది. ఫినాల్, క్లోరోఫామ్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. కొవ్వు నిండిన కణాలైతే క్లోరోఫామ్ కలిపేముందు ట్రైజాల్ ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో చల్లగా 12,000 జి దగ్గర పది నిమిషాలు తిప్పండి. పైన తెల్లటి కొవ్వు పొర తేలుతుంది. దాని కింద టిప్ దించి మధ్య ద్రవాన్ని మాత్రమే లాగండి. ఈ పని మానేస్తే ఆ కొవ్వు ఆర్‌ఎన్‌ఏతో పాటు వచ్చి, తర్వాత పీసీఆర్ మందగిస్తుంది. సున్నా రోజు నమూనాలో కొవ్వు ఉండదు కాబట్టి అది బాగానే నడుస్తుంది. ఫలితంగా 8వ రోజున అన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలూ తగ్గినట్టు కనిపిస్తాయి, మీరేమో దాన్ని జీవశాస్త్రం అనుకుంటారు. అందుకే సున్నా రోజు గొట్టాన్ని కూడా అలాగే తిప్పండి.

తర్వాత 0.2 మి.లీ. క్లోరోఫామ్, 15 నిమిషాలు తిప్పడం, పై ద్రవం తీయడం, 0.5 మి.లీ. ఐసోప్రొపనాల్. చిన్న ఆర్‌ఎన్‌ఏ కింద పడాలంటే గ్లైకోజెన్ కొంచెం వేసి రాత్రంతా మైనస్ 20లో ఉంచండి. కాలమ్ కిట్ వాడితే అది చిన్న ఆర్‌ఎన్‌ఏని నిలుపుతుందని రాసి ఉందో లేదో చూడండి. మామూలు కిట్లలో బంధించే దశలో ఆల్కహాల్ తక్కువ, 200 అక్షరాల లోపు ఆర్‌ఎన్‌ఏ చాలావరకు కారిపోతుంది. కణాల సంఖ్య అన్ని నమూనాల్లో దగ్గరగా ఉండేలా చూసుకోండి. మరీ తక్కువ కణాలతో ట్రైజాల్ చేస్తే కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మిగతావాటికంటే ఎక్కువగా పోతాయి.

22 అక్షరాల మీద మామూలు ప్రైమర్ల జంట పట్టదు. స్టెమ్-లూప్ ప్రైమర్‌తో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేయడం ఒక దారి. చివర పాలీ ఎ తోక కట్టి అందరికీ ఒకే ప్రైమర్ వాడటం రెండో దారి. ఒకటి రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలే అయితే స్టెమ్-లూప్ నయం, ఒక్క అక్షరం తేడా ఉన్న అన్నదమ్ములను బాగా విడదీస్తుంది. పది పదిహేను చూడాలంటే పాలీ ఎ.

ఇక రిఫరెన్స్, అంటే మిగతావాటిని పోల్చడానికి పెట్టుకునే కదలని ఆర్‌ఎన్‌ఏ. అందరూ యూ6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ వాడతారు, నిజానికి అది మైక్రో ఆర్‌ఎన్‌ఏ కాదు, డైసర్ గుండా వచ్చేది కాదు, పొడవు కూడా ఐదింతలు. అయినా వాడొచ్చు, అయితే అది సున్నా నుంచి 8 వరకు కదలడం లేదని మీ కణాల్లోనే చూపించాలి. ఎలుక కణాలకి స్నో202, స్నో234 లాంటివి రెండోదిగా పెట్టుకోండి. చాలా కిట్ల పుస్తకాల్లో, వేరే కణజాలాల మీద వచ్చిన పేపర్లలో మిర్-103ని స్థిరమైన రిఫరెన్స్‌గా సిఫారసు చేస్తారు. కొవ్వు కణాలకి అది ససేమిరా వద్దు. కొవ్వు కణం తయారయ్యేకొద్దీ మిర్-103 తానే పెరుగుతుంది. దాంతో భాగిస్తే పెరిగిన మిర్-143 పెరగనట్టు, కదలనిది తగ్గినట్టు వస్తుంది. మన రంగంలో ఈ ఒక్క ఎంపిక వల్ల పాడైన డేటా తక్కువేం కాదని నా అనుమానం.

లెక్క ఒకసారి చేత్తో వేసి చూడండి, ఎక్సెల్‌కి అప్పగించొద్దు. ఉదాహరణకి సున్నా రోజున మిర్-143 సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ గీత దాటిన సైకిల్ సంఖ్య, తక్కువైతే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ) 24.6, రిఫరెన్స్ 18.1 అనుకుందాం. తేడా 6.5. ఎనిమిదో రోజున 22.3, 18.3. తేడా 4.0. రెండు తేడాల మధ్య తేడా మైనస్ 2.5. గుర్తు మార్చి 2కి ఘాతంగా వేస్తే దాదాపు 5.7 రెట్లు పెరిగినట్టు. ఈ లెక్క నిలవాలంటే ప్రైమర్ల సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి, దాన్ని పలుచన వరసతో ముందే చూసుకోవాలి. ఆర్‌టీ ఎంజైమ్ (సీడీఎన్‌ఏ తయారుచేసేది) లేని బావి ఒకటి ప్రతి రన్‌లోనూ ఉండాలి.

ఐదో అడుగు: పెంచి చూడండి, తగ్గించి చూడండి

పెరగడం, తగ్గడం చూస్తే సంబంధం తెలుస్తుంది, కారణం తెలియదు. కారణం తేలాలంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏని మీరే కదపాలి. పెంచడానికి మిమిక్ (దాని నకలు), అణచడానికి ఇన్హిబిటర్, రెండింటికీ వేరువేరు స్క్రాంబుల్ (అక్షరాలు కలగాపులగం చేసిన) కంట్రోల్. మిమిక్ 10 నుంచి 50 నానోమోలార్, ఇన్హిబిటర్ 50 నుంచి 100 దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువ పోస్తే ఎక్కువ ఫలితం అనుకోవద్దు, మోతాదు మితిమీరితే ఆర్గొనాట్‌లో చోటు లేక కణంలోని మిగతా మైక్రో ఆర్‌ఎన్‌ఏల పని కూడా చెడుతుంది.

ఎప్పుడు ఇవ్వాలన్నదే అసలు చిక్కు. కొవ్వు నిండిన కణాలు మామూలు లిపిడ్ రీఏజెంట్లతో దాదాపు ట్రాన్స్‌ఫెక్ట్ కావు, అంటే మిమిక్ లోపలికి వెళ్లదు. కాబట్టి ఎమ్‌డీఐ పోయకముందే, మైనస్ 1 రోజున ఇవ్వండి. తర్వాత రెండు రోజుల విభజనలో ఒక్కో కణంలోని మిమిక్ సగానికి, పావుకి పలుచబడుతుంది. 2, 4 రోజుల్లో అది ఇంకా ఉందో లేదో కొలిచి పెట్టుకోండి. లేకపోతే నాలుగో రోజున రెండో డోసు ఇచ్చారనుకోండి, అది లోపలికి వెళ్లిందన్న రుజువు ఉంటే తప్ప లెక్కలోకి రాదు. పూర్తిగా తయారైన కణాల్లోనే పని ఉంటే ఎలక్ట్రోపొరేషన్ లేదా వైరస్ దారి పట్టాలి.

రావాల్సింది ఇది: మిర్-27బి మిమిక్ ఇస్తే పీపార్ గామా తగ్గాలి, ఎఫ్‌ఏబీపీ4 తగ్గాలి, ఎరుపు తగ్గాలి. మిర్-143 ఇన్హిబిటర్ ఇచ్చినా కొవ్వు తగ్గాలి. మిమిక్‌తో వచ్చిన ఫలితానికి ఇన్హిబిటర్‌తో ఎదురు ఫలితం వస్తేనే నమ్మకం. కంట్రోల్ ప్లేట్ 95 శాతం మారిపోయిందంటే ఇంకా పెరగడానికి చోటు ఉండదు. మిర్-27బి ఇన్హిబిటర్‌తో పెరుగుదల చూడాలనుకుంటే ఇన్సులిన్ తగ్గించి, కంట్రోల్ సగమే మారేలా పెట్టుకోండి.

ఆరో అడుగు: టార్గెట్

మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎవరిని అణచవచ్చో అంచనా వేసే టార్గెట్‌స్కాన్ వెబ్‌సైట్‌లో వెతికితే ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి వందల పేర్లు వస్తాయి. అందులో మీకు నచ్చిన జన్యువుని ఏరుకుని కథ అల్లడం చాలా తేలిక, కాబట్టి ల్యూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్) పరీక్ష తప్పదు. పీపార్ గామా 3' యూటీఆర్ (మెసెంజర్ చివర ప్రోటీన్‌గా మారని భాగం) ముక్కని సైచెక్-2 లాంటి వెక్టర్‌లో పెట్టి, ఏడు అక్షరాల చోటులో మూడు నాలుగు మార్చిన ఇంకో వెక్టర్ కూడా తయారుచేసుకోండి. హెచ్‌ఈకే293 కణాల్లో అసలుది, మార్చినది, ఒక్కోదానికి స్క్రాంబుల్, మిమిక్, మొత్తం నాలుగు గుంపులు. అసలుదానిలో వెలుగు తగ్గి, మార్చినదానిలో తగ్గకపోతే ఆ చోటు పనిచేస్తున్నట్టు. తగ్గుదల 30, 40 శాతం వస్తే నిరుత్సాహపడకండి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక్కో టార్గెట్‌ని అణచేది సాధారణంగా రెట్టింపు కంటే తక్కువే. 90 శాతం తగ్గితేనే అనుమానించాలి. తర్వాత 3టీ3-ఎల్1లోనే వెస్టర్న్ బ్లాట్‌తో ప్రోటీన్ చూడండి.

ఒకే ప్లేట్‌లో మూడు బావులు మూడు ప్రయోగాలు కావు. వేరే రోజు, వేరే పాసేజ్, అప్పుడే రెండోది.

ఏడో అడుగు: కణం నుంచి ఊబకాయానికి

ఇంతవరకు చేసింది కొవ్వు కణం పుట్టుక. ఊబకాయం వేరే ప్రశ్న. అక్కడ ఉన్న కణాలు ఉబ్బుతాయి, ఆక్సిజన్ అందదు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు వచ్చి చేరతాయి, వాపు రేపే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా పెరుగుతుంది. తయారైన కొవ్వు కణాలకి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా ఇస్తే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఊబకాయంలో కనిపించే దిశలోనే కదులుతాయని 2009 పేపర్ చూపింది. మిర్-143 తగ్గుదలకి అర్థం అక్కడుంది.

ఎలుకలతో చేస్తే సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి ముందు. తర్వాత కొవ్వు ముద్దని అలాగే నూరకండి. కొలాజెనేజ్‌తో విడదీసి నెమ్మదిగా తిప్పితే కొవ్వు కణాలు పైకి తేలతాయి, మిగతావి అడుగున చేరతాయి. రెండింటినీ వేరువేరుగా కొలవండి. మిర్-155, మిర్-223 పెరిగాయంటే అవి చాలావరకు వచ్చి చేరిన రోగనిరోధక కణాలవే కావచ్చు. పొట్టలోపలి కొవ్వు, చర్మం కింది కొవ్వు కలిపేయొద్దు.

మనుషుల నమూనాలైతే గుంపులు విడదీసే గీత ముందే రాసుకోండి. భారతీయులకి బీఎమ్‌ఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లు వాడతారు, 25, 30 అన్నవి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ గీతలు. మన జనంలో బరువు తక్కువున్నా పొట్టలో కొవ్వు ఎక్కువుండేవాళ్లు చాలామంది, నడుము కొలత తప్పక తీయండి.

ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలతో బరువు తగ్గించే మందు వచ్చేసిందా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. రాలేదు. మిర్-103, 107ని అణిచే మందు ఒకటి మధుమేహంతో పాటు కాలేయంలో కొవ్వు ఉన్నవాళ్లలో పరీక్షల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పేరుతో ఎవరైనా గుళికలు అమ్ముతుంటే డబ్బు దాచుకోండి.

చివరగా రక్తం. రక్తంలో ఎక్సోసోముల్లో (కణాలు వదిలే సూక్ష్మ సంచుల్లో) తిరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో పెద్ద భాగం కొవ్వు నుంచే వస్తుందని 2017లో, కొవ్వులో మాత్రమే డైసర్ తీసేసిన ఎలుకలతో చూపించారు. అందుకే చాలామంది సీరం వైపు పరుగెడతారు. కానీ ఎర్రరక్తకణం పగిలితే మిర్-451 వరదలా వస్తుంది, దానితో పాటు ఇంకొన్ని. ప్రతి నమూనాలోనూ మిర్-23ఎ, మిర్-451 రెండూ కొలిచి, మొదటిదాని సీటీ లోంచి రెండోదాని సీటీ తీసేయండి. 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 7 దాటితే ఆ ట్యూబ్‌ను పక్కన పెట్టండి. అందరి రక్తం పరగడుపునే, ఒకే సైజు సూదితో తీయించి, ఎన్ని గంటల్లో తిప్పారో రాసిపెట్టుకోండి. పక్కన పెట్టినవి ఎన్నో, ఏ గుంపువో పేపర్‌లో చెప్పండి. లావుగా ఉన్నవాళ్లలో నరం దొరక్క రెండుమూడుసార్లు గుచ్చితే కణాలు పగలడం ఎక్కువ, ఆ తేడా మీ ఫలితంలా కనిపించకూడదు.